మందు షాపుకు గుండ్రాలు గీశారు, మా దోశ బండిని మాత్రం ఎత్తుకుపోయారు

కారందోశ | మే 5, 2020, రాత్రి 9:40
మార్చి 22న జనతా కర్ఫ్యూ అని గంట కొట్టమంటే కొట్టాం, ఆ రోజు నుంచి బండి తీయలేదు. నెల్లూరులో మాది చిన్న బండి. పొద్దున కారం దోశ, సాయంత్రం పులిబొంగరాలు. మా అమ్మ పెట్టింది, ఇరవై రెండేళ్లయింది.

ఏప్రిల్ మూడో వారంలో ఇక ఇంట్లో గడవక, పార్శిల్ మాత్రమే ఇద్దామని ఒక రోజు పొద్దున ఆరింటికి బండి పెట్టా. ఆరు నుంచి తొమ్మిది దాకా సరుకులకు టైం ఇచ్చారు కదా, ఆ టైంలోనే పెట్టా. నలుగురే ఉన్నారు. జీపు వచ్చింది. పిండి గిన్నె కాలవలో కుమ్మరించారు, బండి లాక్కెళ్లారు. పెనం, బాణలి, సిలిండర్ అన్నీ దాంతోనే పోయాయి. నేనేమీ అనలేదు. రాష్ట్రంలో మొదటి కరోనా కేసు మార్చి 12న మన నెల్లూరులోనే బయటపడింది, రెడ్ జోన్‌లో ఉన్నాం, భయం ఉండాల్సిందే అనుకుని ఇంటికొచ్చేశా.

నిన్న అదే సెంటర్‌లో మందు షాపు తెరిచారు. పదకొండింటికి తెరిస్తే ఏడింటికే లైను. రోడ్డు మీద సున్నంతో గుండ్రాలు, మనిషికి ఒకటి. రెండు పక్కలా కర్రలు కట్టారు. నా బండిని లాక్కెళ్లిన జీపే అక్కడ నిలబడి మైకులో "దూరం దూరం" అంటోంది. ఎండ మామూలుగా లేదు కదా, జనం గుండ్రాల్లో చెప్పులు వదిలేసి వేపచెట్టు కింద ఒకరి మీద ఒకరు కూర్చున్నారు. చెప్పులు మాత్రం చక్కగా దూరం పాటిస్తున్నాయి.

నాకూ నాలుగు గుండ్రాలు గీసి ఇస్తే నేను దోశ పోసుకోనా? ఇదొక్కటి ఎవరైనా చెప్పండి.

ఊరికేచదివేవాడు
చెప్పులు దూరం పాటించడం 😂 మా కావలిలో హెల్మెట్లు, సంచులు, ఒకాయన ఆధార్ కార్డు మీద రాయి పెట్టి పోయాడు.

షట్టర్‌సగం
నీదన్నా బండి. నాది సెల్ రిపేరు షాపు, అద్దె తప్పదు. షట్టర్ సగం దించి లోపల కూర్చుంటా. రెండుసార్లు తట్టి ఆగి ఒకసారి తడితే కస్టమర్, గట్టిగా కొడితే పోలీసు. నిన్న ఒకాయన హడావుడిలో గట్టిగా కొట్టాడు, నేను వెనక గోడ దూకా. ఆయన డిస్‌ప్లే పగిలిందని వచ్చాడంట. ఆన్‌లైన్ క్లాసులని పిల్లలకు ఫోన్లు కావాలి, ఆ ఫోన్లు బాగుచేసేవాడు మాత్రం దొంగలా ఉండాలి.

ఫ్యాన్‌గాలి
ఒక్క వైపే చెప్పకండి. షాపులు తెరవొచ్చని చెప్పింది కేంద్రం. మన ప్రభుత్వం మందు ధర నిన్న 25 శాతం పెంచింది, ఇవాళ ఇంకో 50, మొత్తం 75 శాతం పెరిగింది. దేనికి? తాగేవాళ్లు తగ్గాలని. దశలవారీగా నిషేధం అని ముందే చెప్పారు, పోయిన అక్టోబరు నుంచి షాపులు ప్రభుత్వమే నడుపుతోంది, సంఖ్య కూడా తగ్గించారు. ధర తగిలితే వాడే మానేస్తాడు.

సైకిల్‌బెల్లు
@ఫ్యాన్‌గాలి అవునవును. కరోనాకి పారాసిటమాల్, బ్లీచింగ్ పౌడర్ చాలని సీఎం అన్నప్పుడు కూడా ఇట్లాగే సమర్థించావు. స్థానిక ఎలక్షన్లు వాయిదా వేశాడని ఎన్నికల కమిషనర్‌నే ఆర్డినెన్స్ తెచ్చి ఇంటికి పంపారు. ఆయన మార్చి 15న వాయిదా వేయకపోయి ఉంటే మనందరం పోలింగ్ బూత్‌ల దగ్గర లైన్లో నిలబడేవాళ్లం.

ఫ్యాన్‌గాలి
మీ నాయకుడు ఎక్కడున్నాడో ముందు చెప్పు. హైదరాబాదులో కూర్చుని జూమ్‌లో మన జిల్లాను చూస్తున్నాడు.

సైకిల్‌బెల్లు
లాక్‌డౌన్ అంటే ఇంట్లో ఉండమనే కదా. శ్రీకాళహస్తిలో ట్రాక్టర్లతో ఊరేగింపు తీసింది ఎవరు?

గడపకాపలా (మోడరేటర్)
జెండాలు గడప బయట విప్పి రండి. అడిగింది దోశ బండి గురించి.

రాత్రిడ్యూటీ
కారందోశ తమ్ముడూ, బాధ అర్థమైంది. పిండి పారబోయడం తప్పు, అందులో రెండో మాట లేదు. కానీ "నలుగురే ఉన్నారు" అన్నావు చూడు, మాకు నలుగురు చాలు. నేను జిల్లాలోనే ఒక ఆస్పత్రిలో నర్సుని, ఐసోలేషన్ వార్డు. ఆ తెల్ల సూటు వేసుకుంటే ఆరు గంటలు నీళ్లు తాగకూడదు, బాత్రూంకి పోకూడదు. విప్పినప్పుడు గ్లౌజులోంచి చెమట నీళ్లు కారినట్టు కారుతుంది. ఇంటికెళ్తే మా ఓనరమ్మ మెట్ల మీద పసుపునీళ్లు చల్లి, "వెనక నుంచి రామ్మా" అంటుంది. ప్రధాని చెప్పారని తొమ్మిది నిమిషాలు దీపాలు వెలిగించింది ఆవిడే.

ఇక ఆ సూటు కూడా అందరికీ చాలదు. ఇంతకంటే చెప్పను. నర్సీపట్నం డాక్టరు మాస్కులు లేవన్నందుకు సస్పెండ్ చేశారు, చూశారుగా.

కారందోశ
అక్కా నువ్వు చెప్పింది ఒప్పుకుంటా. నా దగ్గర నలుగురు తప్పయితే అక్కడ నాలుగొందలు ఎట్లా ఒప్పు, నేను అడిగేది అదే.

రాత్రిడ్యూటీ
అక్కడా తప్పే. నిన్న టీవీలో ఆ లైను చూసి మా వార్డులో ఒకమ్మాయి ఏడ్చేసింది, నిజంగా.

పెన్నాఒడ్డు
మీకు బండి పోయింది, మాకు పంట చేలోనే ఉంది. మాది బుచ్చిరెడ్డిపాళెం దగ్గర. కోత మిషన్లు తమిళనాడు నుంచి రావాలి, సరిహద్దులో తడ దగ్గర ఆగిపోయాయి. పాసులిస్తామన్నారు, ఇచ్చారు కూడా, అయితే మిషన్‌కి ఇచ్చారు, డ్రైవర్‌కి ఇవ్వలేదు. అది నిజంగా జరిగింది, నవ్వొద్దు. డ్రైవర్ వచ్చేసరికి పన్నెండు రోజులు. గింజ రాలిపోయింది కొంత.

క్వింటా 1815 మద్దతు ధర. మన పుట్టి 850 కిలోలు, లెక్కేస్తే పదిహేను వేల నాలుగొందలు పైన రావాలి. మిల్లాయన పన్నెండున్నర అన్నాడు. తేమ అన్నాడు, తాలు అన్నాడు, చివరికి లాక్‌డౌన్ అన్నాడు. ఇచ్చేశా. కల్లంలో పోసి కాపలా ఉండటానికి నా దగ్గర పట్టలు కూడా లేవు.

ఊరికేచదివేవాడు
మిషన్‌కి పాసు, డ్రైవర్‌కి లేదు. మిషన్ తనే నడుచుకుని రావాలన్నమాట.

రొయ్యలచెరువు
పుట్టి లెక్క నయం అన్నా, మాది కౌంటు లెక్క, కిలోకి ఎన్ని రొయ్యలని. మార్చి నెలాఖరులో రొయ్యలు కొనే ప్లాంట్లు మూసేశారు, పట్టుబడికి వచ్చిన రొయ్య చెరువులోనే ఉంది. రోజూ మేత వేయాలి, ఏరియేటర్లు తిప్పాలి, కరెంటు బిల్లు. రొయ్యకి లాక్‌డౌన్ తెలీదు కదా, తింటూనే ఉంటుంది. ప్రభుత్వం కౌంటుకు రేటు ప్రకటించింది, పేపర్లో చూసి సంతోషించాం. ఆ పేపరు పట్టుకుని ఏజెంటు దగ్గరకు పోతే "ఆ పేపరుకే అమ్ముకోండి" అన్నాడు.

నిమ్మతోట_గూడూరు
టీవీలో డాక్టర్లు నిమ్మరసం తాగండి, సి విటమిన్ అంటున్నారు. ఇక్కడ యార్డులో బస్తాలు ముక్కిపోతున్నాయి, ఢిల్లీ లారీలు లేవు. ఎవరికైనా కావాలంటే వచ్చి ఊరికే తీసుకుపోండి. రావడానికి పాసు మాత్రం మీరే తెచ్చుకోవాలి.

ఆరెంజ్‌జోన్_దర్శి
మీ నెల్లూరోళ్లు రెడ్, మా ప్రకాశం ఆరెంజ్. ఏదో ఆరెంజ్ అంటే బాగుంటుందని అనుకున్నాం. ఇక్కడా అంతే. మా మామ పొగాకు మార్చిలో వేలం ఆగినప్పటి నుంచి ఇంట్లోనే ఉంది. చెక్కులు కట్టి మంచాల కింద, వంటింట్లో, చివరికి దేవుడి గదిలో కూడా పెట్టారు. ఇల్లంతా ఆ ఘాటు, అత్తయ్యకి దగ్గు. దగ్గితే పక్కింటివాళ్లు వాలంటీర్‌కి ఫోన్ చేశారు, ఏఎన్ఎం వచ్చి చూసిపోయింది. పొగాకమ్మా అంటే నమ్మరు. ఇప్పుడిప్పుడే వేలం మొదలుపెట్టారు, రోజుకు ఇంతమందే రావాలని.

ఉలవపాడు_మామిడి
హైవే పక్కన ఏప్రిల్, మే రెండు నెలలే మా బతుకు. కార్లు ఆగి కొంటాయి. ఇప్పుడు కార్లు లేవు, నడిచిపోయే వాళ్లే ఉన్నారు.

వాళ్ల గురించి ఒకటి చెప్పాలి. చెన్నై నుంచి వస్తున్నారు, ఒడిశా, బీహార్ పోవాలంట. ఇక్కడికే రెండొందల కిలోమీటర్ల పైమాట. మొన్న ఒక కుర్రాడు మా పందిరి కింద కూర్చున్నాడు. ఎడమ చెప్పు పట్టీ తెగితే నీళ్ల సీసా కోసి, ఆ ముక్కని కరెంటు వైరుతో కట్టుకున్నాడు. నాలుగు కాయలు ఇచ్చా. తినలేదు, సంచిలో పెట్టుకున్నాడు. భాష రాదు, చెయ్యి ఇంత ఎత్తు చూపించాడు. ఇంటి దగ్గర పిల్లకి అంట. ఒడిశా చేరేసరికి ఆ కాయ ఉంటుందా చెప్పండి. నేనేమీ అనలేదు, పచ్చిగా ఉన్నవి చూసి మార్చి ఇచ్చా.

మగ్గంగుంట
ఉలవపాడన్నా, రాత్రి నిద్ర చెడగొట్టావు.
మాది చీరాల పక్కన. పడుగు అయిపోయింది, మాస్టర్ వీవర్ నూలు ఇవ్వడంలేదు. నేసిన చీరలే బీరువాలో ఉన్నాయి, పెళ్లిళ్లు లేవు, ఎవరు కొంటారు అంటాడు. నలభై రోజులయింది గుంటలో కాళ్లు పెట్టి. మా నాన్న ఖాళీ మగ్గం మీదే పొద్దున్నే కూర్చుని గమ్మునుంటాడు, అలవాటు.

కరోనాకారణం
ఇదంతా ఢిల్లీ మర్కజ్ ప్రార్థనలకు వెళ్లొచ్చిన వాళ్ల వల్ల వచ్చింది. వాళ్లు రాకపోతే మన జిల్లాకి ఏమీ ఉండేది కాదు. ఎవరూ చెప్పరు ఇది.

షట్టర్‌సగం
@కరోనాకారణం మొదటి కేసు ఇటలీ నుంచి వచ్చిన కుర్రాడిది. అప్పుడు ఇటలీ వాళ్లందర్నీ తిట్టావా? ఇప్పుడు చెన్నై కోయంబేడు కూరగాయల మార్కెట్ అంటున్నారు, అక్కడ నుంచి టమాటా లారీలో వస్తుంది. టమాటాది ఏ మతమో నువ్వే చెప్పు. లాక్‌డౌన్ మొదటి వారం మా వీధికి అన్నం పొట్లాలు తెచ్చింది దర్గా దగ్గర కుర్రాళ్లు. నువ్వు తెచ్చావా?

గడపకాపలా (మోడరేటర్)
ఆ వాదన ఇక్కడితో ఆపండి. ఇంకోసారి వస్తే పోస్టు తీసేస్తా.

వాలంటీర్_యాభైఇళ్లు | మే 6, పొద్దున 6:15
రాత్రంతా చదివాను. నేను వాలంటీర్‌ని, ఊరు చెప్పను. నెలకు ఐదు వేలు. నా యాభై ఇళ్లకూ ఏప్రిల్ 4న వెయ్యి రూపాయలు, తర్వాత బియ్యం, పప్పు, రోజూ జ్వరం ఉందా దగ్గు ఉందా అని సర్వే. నాకిచ్చింది ఒక గుడ్డ మాస్కు. అదే ఉతుక్కుని వేసుకుంటున్నా. వెయ్యి ఇచ్చేటప్పుడు పోటీలో ఉన్న అభ్యర్థి వెంట వచ్చి ఫోటో దిగాడు, నిజమే, నేను వద్దనలేను. కానీ ఆ డబ్బు అందింది. మూలనున్న ముసలమ్మకి కూడా అందింది. అది కూడా రాయండి.

దూబగుంటపక్కూరు
అందింది బాబూ, కాదనను. మా ఇంటికీ అందింది. ఏమైందో చెప్తాను.

మాది దూబగుంట పక్కనే. 1992లో సారా మీద ఆడవాళ్లం తిరగబడినప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. రాత్రి బడిలో లాంతరు పెట్టుకుని అక్షరాలు దిద్దుకున్నాం, అక్కడ కూర్చుని మాట్లాడుకున్నప్పుడే అందరి ఇంట్లో ఒకటే కథ అని తెలిసింది. రోశమ్మ ముందు నడిచింది. సారా ప్యాకెట్లు తొక్కేసి, సారా వేలంపాట జరగనివ్వకుండా అడ్డం కూర్చున్నాం. చీపురు పట్టుకుని పోయినదాన్ని నేను. 1993లో సారా పోయింది, 1995లో మొత్తం మందే నిషేధం అన్నారు, 1997లో మళ్లీ తెచ్చేశారు. ఒక పార్టీ పెట్టింది, అదే పార్టీ తీసింది. ఇప్పుడు ఇంకో పార్టీ దశలవారీ అంటోంది. అందుకే మీ ఫ్యాను, సైకిలు గొడవ నాకు అక్కర్లేదు.

ఈ నలభై రోజులు నా పెనిమిటి తాగలేదు. దొరకలేదు కాబట్టి తాగలేదు. మొదటి వారం చేతులు వణికాయి, గ్లాసు పట్టుకోలేకపోయాడు, రాత్రుళ్లు ఎవరో వచ్చారని లేచి కూర్చునేవాడు. పదో రోజు నుంచి అన్నం తిన్నాడు. ఇరవయ్యో రోజు మనవడికి బడి పుస్తకం చదివించాడు. ముప్పై ఏళ్లలో ఆయన సాయంత్రం ఇంట్లో కూర్చోవడం నేను చూడలేదు, ఏం మాట్లాడాలో కూడా తెలియలేదు ఇద్దరికీ.

ఆ వెయ్యిలో మూడొందలు మిగిలితే బియ్యం డబ్బాలో అడుగున పెట్టాను. మొన్న 4వ తేదీ చీకటితోనే లేచి పోయాడు. డబ్బాలో చెయ్యి పెట్టి చూస్తే బియ్యమే ఉన్నాయి. ఏప్రిల్ 4న ఇచ్చారు, మే 4న తీసుకున్నారు. లెక్క సరిపోయింది.

కారందోశ
పెద్దమ్మా.

ఆరెంజ్‌జోన్_దర్శి
ఈ పోస్టు తర్వాత ఏం రాయాలో తెలియడం లేదు.

ఫ్యాన్‌గాలి
అమ్మా, మీరు చెప్పింది గుండెకు తగిలింది. నేనూ అందుకే అంటున్నా, ధర పెరిగితే ఇలాంటి వాళ్లు మానే అవకాశం ఉంది. ఒక్కసారిగా మూస్తే నాటు సారా కాస్తారు, అదీ మీ రోజుల్లో చూశారు కదా.

దూబగుంటపక్కూరు
నాయనా, ధర పెరిగితే ఆయన మానడు. నేను ఒక పూట మానతాను.

సూళ్లూరుపేట_గేటు
మా వైపు ఇంకో తమాషా. తమిళనాడులో షాపులు తెరవలేదు కదా, సరిహద్దు ఊళ్ల వాళ్లు చెరువుకట్టల మీదుగా, పొలాల్లోంచి ఇటు వస్తున్నారు. హైవే మీద చెక్‌పోస్టు ఉంది, అక్కడ గర్భిణిని తీసుకుపోయే ఆటోని గంట ఆపుతారు. పొలం గట్టు మీద చెక్‌పోస్టు లేదు. మా చెల్లెలు చెన్నైలో ఉంది, నలభై ఆరు రోజులు, ఆన్‌లైన్‌లో పాసుకు ఆరుసార్లు పెట్టాం, ఆరుసార్లూ తిరగ్గొట్టారు. ఇప్పుడు తనకి ఒక ఖాళీ సీసా ఇచ్చి గట్టు మీదుగా రమ్మందామనుకుంటున్నా.

ఊరికేచదివేవాడు
విశాఖ వైపు మందు షాపుల దగ్గర లైను సర్దడానికి టీచర్లకు డ్యూటీ వేశారంట, చూశారా? "ఒరే నువ్వు ఏడో తరగతి బి సెక్షన్ కదా" అని గుర్తుపట్టారేమో.

బడిపంతులు_కనిగిరి
నవ్వుతున్నారు గానీ, వేసి ఉంటే మేమూ పోవాల్సిందే. ముప్పై ఏళ్లుగా జనాభా లెక్కలకు మేమే, ఓట్లకు మేమే, మరుగుదొడ్ల లెక్కకు కూడా మేమే. పదో తరగతి పరీక్షలు ఎప్పుడో మాకే తెలియదు. పిల్లలు రోజూ ఫోన్ చేసి "సార్, చదవాలా వద్దా" అంటున్నారు. చదవండి అంటున్నా, ఇంకేమంటాను.

కువైట్‌నుంచి_కావలోడు
ఇక్కడ క్షమాభిక్ష అన్నారు ఏప్రిల్‌లో. అకామా, అంటే ఇక్కడ ఉండే పర్మిటు, అయిపోయినవాళ్లం పేరు రాయించుకున్నాం, జరిమానా లేకుండా పంపిస్తామన్నారు. క్యాంపులో పెట్టారు. మన దేశం విమానాలు రానివ్వడంలేదు. రేపటి నుంచి విమానాలు వేస్తారంటున్నారు, మా క్యాంపు పేరు ఎవరూ చెప్పడంలేదు. మీ లైను, మీ గుండ్రాలు చూస్తుంటే అసూయగా ఉంది, మన ఎండలో మన వాళ్ల మధ్య నిలబడటం కదా.

కారందోశ అన్నా, వచ్చాక మీ దగ్గర రెండు దోశలు. కారం ఎక్కువ, పప్పులపొడి కూడా.

కారందోశ
రా అన్నా, డబ్బులు తీసుకోను. పెనం వస్తే.

షట్టర్‌సగం
బండి కోసం ఆఫీసుకు పోయావా?

కారందోశ
మూడుసార్లు. మొదటిసారి లాక్‌డౌన్ అయ్యాక రమ్మన్నారు. రెండోసారి ఫైను రసీదు తెమ్మన్నారు, ఫైను ఎక్కడ కట్టాలి అంటే ఆ కౌంటర్ లాక్‌డౌన్‌లో మూసి ఉంది అన్నారు. మూడోసారి గేటు దగ్గర వాచ్‌మన్ జాలిపడి లోపలికి చూడనిచ్చాడు. యార్డులో ఒక ముప్పై బండ్లు ఉంటాయి, చెరుకురసం మిషను, ఇస్త్రీ బండి, పానీపూరీ డబ్బా. నా బండి మీద పెనం బోర్లా పడి ఉంది. మొన్న వాన పడింది కదా అకాలంగా, అంచు ఎర్రగా కనిపించింది. మా అమ్మకి చెప్పలేదు.

పెన్నాఒడ్డు
బో బాధగా ఉందబ్బా. ఆ పెనం మీద దోశ తిన్నవాణ్ణేమో నేను కూడా, మద్రాసు బస్టాండు వైపేనా?

కారందోశ
అంతకంటే చెప్పలేనన్నా, మళ్లీ జీపు వస్తుంది.

రాత్రిడ్యూటీ | మే 7
విశాఖ చూస్తున్నారా పొద్దున్నుంచీ? ఫ్యాక్టరీ నుంచి గ్యాస్ లీకైంది. జనం నిద్రలో ఉండగానే. లాక్‌డౌన్‌లో ఆపిన ఫ్యాక్టరీ మళ్లీ తెరిచేటప్పుడంట.

ఊరికేచదివేవాడు
చూస్తున్నాం అక్కా. ఇవాళ జోకులు లేవు.

ఆరెంజ్‌జోన్_దర్శి | జూలై 31, రాత్రి 10:05
పాత చర్చ పైకి తెస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. మా పక్క మండలం కురిచేడు. టీవీల్లో వస్తోంది కదా, శానిటైజర్ తాగి చనిపోయారని. పది దాటింది, ఇంకా కొందరు ఆస్పత్రుల్లో ఉన్నారు. కేసులు పెరిగాయని ఊరంతా లాక్‌డౌన్ పెట్టారు, మందు షాపు మూసి ఉంది. కూలినాలి చేసుకునేవాళ్లు, గుడి దగ్గర అడుక్కునేవాళ్లు కూడా ఉన్నారు అందులో. నీళ్లలో కలిపి, కూల్‌డ్రింకులో కలిపి తాగారంట. చేతులు కడుక్కోమని ఊరూరా మనమే చెప్పిన సీసా అది.

మేలో ఇక్కడ ఒకమ్మ రాసింది గుర్తొచ్చి వచ్చాను. ధర పెరిగితే మానేస్తాడని రాసినాయన కూడా గుర్తున్నాడు.

ఫ్యాన్‌గాలి
నన్నే అంటున్నావని తెలుసు. అక్కడ షాపు మూసి ఉండటం వల్ల జరిగింది, ధర వల్ల కాదు.

ఆరెంజ్‌జోన్_దర్శి
తెరిచి ఉన్నా గుడి మెట్ల మీద అడుక్కునేవాడు ఆ ధర పెట్టి కొంటాడా? వాళ్లు శానిటైజర్ నిన్న మొన్న మొదలుపెట్టలేదంటున్నారు ఊళ్లో.

ఫ్యాన్‌గాలి
తెరిస్తే ఎందుకు తెరిచారని తిట్టారు. మూస్తే చచ్చిపోయారని తిడుతున్నారు. ఏం చేయాలో చెప్పండి మరి.

దూబగుంటపక్కూరు
తాగేవాణ్ణి మాన్పించడానికి డాక్టరు కావాలి నాయనా, తలుపూ తాళమూ కాదు. ఆ నలభై రోజుల్లో మా ఆయన చేతులు వణుకుతుంటే ఏం ఇవ్వాలో చెప్పేవాళ్లు ఒక్కరు లేరు. మజ్జిగ ఇచ్చాను.

రాత్రిడ్యూటీ
నిజం అమ్మా. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వస్తాయి కొందరికి. ఏప్రిల్‌లో మా దగ్గరికి అలా వచ్చారు, కరోనా హడావుడిలో ఎవరూ లెక్క పెట్టలేదు. ఇప్పుడైతే మంచాలే లేవు.

షట్టర్‌సగం
కారందోశ ఉన్నాడా? బండి వచ్చిందా?

కారందోశ | ఆగస్టు 1, పొద్దున 7:20
ఉన్నా. జూన్‌లో వచ్చింది. ఫైను కట్టా. సిలిండర్ లేదు, అడిగితే లిస్టులో రాసి లేదన్నారు. పెనం ఉంది, తుప్పు పట్టి. మా అమ్మ ఏమీ అనలేదు. పెరట్లో కూర్చుని చింతపండు, ఇసుక పెట్టి రెండు రోజులు రుద్దింది, తర్వాత నూనె రాసి ఎండలో పెట్టడం, సన్న సెగ మీద కాల్చడం, ఉల్లిపాయ ముక్కతో తుడవడం, మళ్లీ నూనె. నాలుగో రోజు దోశ పోసింది. అతుక్కుంది. గీకి మళ్లీ పోసింది, అదీ అతుక్కుంది. ఆ ముక్కలే తిన్నాం ఆ పూట. ఐదో రోజు లేచింది, అంచు మాత్రం చిరిగింది.

పార్శిల్ అమ్మాను నెలన్నర. మునుపటి బేరంలో మూడోవంతు కూడా లేదు.

పెన్నాఒడ్డు
అమ్మ చేతి పెనం కదా, లేస్తుంది. ఈ ఆదివారం టౌనుకి వస్తా, సెంటర్ పేరు చెప్పబ్బా ఇప్పుడైనా.

కారందోశ
రావద్దన్నా. నిన్నటి నుంచి మా వీధి కంటైన్‌మెంట్. రెండు చివర్లా కర్రలు కట్టారు, బండి లోపల ఉండిపోయింది.